రెండో బ్రేకు

లైసెన్సులిచ్చే ఇన్‌స్పెక్టరు ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. ఆయన నవ్వాలన్నా పైఅధికారి అనుమతి తీసుకుంటాడని డ్రైవింగ్ స్కూళ్ళవాళ్ళు చాటుగా చెప్పుకుంటారు. అలాంటివాడు పనిగట్టుకుని ఫోన్ చేసేసరికి అక్కయ్య కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడింది.

"మీ స్కూలు నుంచి టెస్టుకొచ్చి ఫెయిలైన వాళ్ళందరికీ ఒకటే జబ్బమ్మా," అన్నాడాయన. "కారు నడపడం వచ్చు. ఆపడం రాదు."

"ఆపడం రాకపోవడమేమిటండీ?"

"నేనూ అదే అడుగుతున్నాను. గేర్లు చక్కగా వేస్తారు. అద్దాలు చూసుకుంటారు. మలుపులు ముచ్చటగా తిప్పుతారు. ఎదురుగా ఏదన్నా వచ్చిందా, ఇక బొమ్మల్లా కూర్చుంటారు. కారు దానంతటదే ఆగుతుందన్నట్టు! నిన్న మీ నర్సమ్మ ప్లాస్టిక్ స్తంభాన్ని గుద్దేసి నావంక ఎలా చూసిందనుకున్నారు? 'నువ్వేం చేస్తున్నావయ్యా' అన్నట్టు చూసింది. తప్పు నాదైనట్టు."

అక్కయ్య క్షమాపణలు చెప్పి ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక కూడా కాసేపు నిలబడే ఉంది. ఫెయిలైన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటే అందరూ మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్ళే. తమ్ముడి దగ్గర నేర్చుకున్న వాళ్ళలో ఒక్కరూ లేరు.

అక్కయ్య అంటే ఆ స్కూలు యజమానురాలు. నేర్చుకునేవాళ్ళకీ, మెకానిక్కుకీ, పక్క కొట్టు ఫోటోగ్రాఫరుకీ అందరికీ ఆవిడ అక్కయ్యే. స్కూలంటే ఒక గది, గది ముందు రేకుల షెడ్డు, షెడ్డులో రెండు కార్లు. గోడమీద రోడ్డు గుర్తుల పటం. మొగుడు పెట్టిన స్కూలు అది. ఆయన పోయాక తమ్ముడు తోడొచ్చాడు. ఇప్పుడు ఒక కారు తమ్ముడిది, ఒక కారు మాస్టారిది.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, డ్రైవింగ్ స్కూలు నడిపే ఈ మహాతల్లికి డ్రైవింగ్ రాదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు నేర్పుతానని తీసుకెళ్ళాడు. మొదటి మలుపు తిరిగేలోపే ఇద్దరూ పోట్లాడుకుని, ఆవిడ కారు దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. ఆయన పక్కనే కారు మెల్లగా పోనిస్తూ ఇంటిదాకా బతిమాలాడట. కాపురం నిలబడాలంటే ఇద్దరిలో ఒకరికే డ్రైవింగ్ వస్తే చాలని ఆ రోజే తేల్చేసుకున్నారు. ఆ కథ ఎవరడిగినా ఆవిడే నవ్వుతూ చెబుతుంది.

సాయంత్రం తమ్ముడు వచ్చాక ఇన్‌స్పెక్టరు మాట చెప్పింది. తమ్ముడేమీ ఆశ్చర్యపోలేదు.

"నేను చెబుదామనే అనుకుంటున్నానక్కా. నువ్వు బాధపడతావని నోరు మెదపలేదు," అన్నాడు. "మాస్టారు ఇదివరకటి మనిషి కాడు. ఆయన పనైపోయింది."

"పనైపోవడానికి ఆయనేమన్నా తొంభయ్యేళ్ళ ముసలాడా?"

"వయసు గురించి కాదు. నువ్వు ఆఫీసులో కూర్చుంటావు, నీకు కనపడదు. ఒకసారి వెనక సీట్లో కూర్చుని చూడు. నేను చెప్తే నాకేదో ఆయనంటే పడదనుకుంటావు."

ఆ చివరి మాట అక్కయ్యకి గుచ్చుకుంది. ఎందుకంటే సరిగ్గా అదే అనుకుంటోంది.

మాస్టారంటే ఆవిడకి మొగుడి స్నేహితుడు మాత్రమే కాదు. మొగుడు మంచాన పడ్డప్పుడు పొద్దున క్లాసులు చెప్పి, మధ్యాహ్నం ఆస్పత్రిలో కూర్చుని, సాయంత్రం మళ్ళీ క్లాసులు చెప్పిన మనిషి. మొగుడు పోయిన మర్నాడు కూడా షెడ్డు తలుపు తీసి కార్లు కడిగారు. "ఈ రోజుకి మూసేద్దాం మాస్టారూ" అని ఎవరో అంటే, "మూస్తే వదినగారు మళ్ళీ తెరవలేరు" అన్నారట. ఆ మాట ఆవిడ చెవిన చాలా రోజుల తర్వాత పడింది. పడిన రోజు వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కరువుతీరా ఏడ్చింది.

అలాంటి మనిషిని పనైపోయిందని ఎలా అంటారు?

మర్నాడు నర్సమ్మ క్లాసులో అక్కయ్య వెనక సీట్లో ఎక్కింది. నర్సమ్మ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా క్లాసుకి వస్తుంది. ఎంత నిద్ర మీదున్నా నోరు మాత్రం మూతపడదు.

"మీరు కూడా వస్తున్నారా అక్కయ్యా? అయితే ఇవాళ కారు బరువెక్కుతుంది, గేరు జాగ్రత్తగా వెయ్యాలి," అంది.

"నా బరువు సంగతి నీకెందుకు, ముందు చూసి నడుపు," అంది అక్కయ్య.

మాస్టారు ముందు సీట్లో ఎప్పట్లాగే ఒద్దికగా కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా, పల్చబడిన జుట్టు, మోకాళ్ళ మీద చేతులు. కారు కదిలింది. నర్సమ్మ బాగానే నడుపుతోంది. సందు దాటి పెద్ద రోడ్డెక్కింది. మాస్టారు మెత్తని గొంతుతో చెబుతున్నారు. ఆ గొంతు ఏ రోజూ పైకి లేవదు. అందుకే భయస్థులంతా ఏరికోరి ఆయన దగ్గరకే వస్తారు.

స్కూలు కార్లలో ఒక ఏర్పాటుంటుంది. నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు పెడలు ఉంటుంది. రెండిటినీ కలుపుతూ అడుగున ఒక ఊచ. ఈ పక్క నొక్కితే ఆ పక్క పెడలు కూడా దానంతటదే కిందకి దిగుతుంది. ప్రాణం మీదకి వచ్చినప్పుడు వాడుకోవాల్సిన వస్తువది. ఇదివరకు మాస్టారు దాన్ని ముట్టుకునేవారే కాదు. బూట్లు కూడా విప్పేసి కూర్చునేవారని మొగుడు వేళాకోళం చేస్తూండేవాడు.

ఎదురుగా ఒక సైకిలు అడ్డం వచ్చింది. ఇంకా చాలా దూరంలోనే ఉంది. కారు మెత్తగా నెమ్మదించి ఆగింది.

"చూశారా అక్కయ్యా, ఎంత బాగా ఆపానో!" అంది నర్సమ్మ. "టెస్టులో మాత్రం ఏమవుతుందో ఏమో, ఆ ఇన్‌స్పెక్టరు మొహం చూడగానే నా కాలు పనిచెయ్యదు."

అక్కయ్య చూస్తున్నది నర్సమ్మ కాలిని కాదు. సీట్ల మధ్యలోంచి వంగి మాస్టారి కాలిని చూస్తోంది. నర్సమ్మ కాలు పెడలు మీద ఊరికే ఆనించి ఉంది. కిందకి దిగుతున్న పెడలుతో పాటు తనూ దిగింది, అంతే. నొక్కింది మాస్టారు.

ఆ తర్వాత సిగ్నలు దగ్గరా ఆయనే నొక్కారు. లారీ వెనకా ఆయనే. రోడ్డు పక్కన ఒక కుక్క లేచి ఒళ్ళు విరుచుకుంటే దానికీ ఆయనే నొక్కారు. మధ్యలో కూడా కాలు కిందకి దిగడం లేదు. పెడలుకి వెంట్రుకవాసి పైన గాల్లోనే ఆగి, పిక్క దగ్గర ప్యాంటు గుడ్డ సన్నగా వణుకుతోంది. గొంతు మాత్రం అదే మెత్తని గొంతు. "బాగుందమ్మా. బాగా ఆపావు."

పాపం నర్సమ్మ. ఈ జన్మలో తనెప్పుడూ బ్రేకు నొక్కలేదని ఆవిడకి తెలియదు.

తమ్ముడు చెప్పింది నిజం. నిజానికి తమ్ముడు తక్కువే చెప్పాడు.

"ఇప్పుడేమంటావు?" అన్నాడు తమ్ముడు ఆ సాయంత్రం. గొంతులో గెలిచానన్న సంతోషమేమీ లేదు. అదే అక్కయ్యకి ఇంకా కష్టంగా ఉంది. పోట్లాడే వీలు కూడా లేకుండా పోయింది.

"ఆయనకి ఆఫీసు పని ఇద్దాం."

"ఆఫీసులో నువ్వున్నావు. నీకే పన్లేక పక్క కొట్టు వాళ్ళతో కబుర్లు చెబుతుంటావు. అయినా ఆయన టేబుల్ ముందు కూర్చునే మనిషా? అది తీసెయ్యడం కంటే హీనం."

"మరి?"

"అక్కా, ఒక్కటి ఆలోచించు. ఆ ఇన్‌స్పెక్టరు కాస్త చూసీచూడనట్టు పోయే మనిషైతే ఏమయ్యేది? వీళ్ళంతా పాసైపోయేవాళ్ళు. ఆపడం రాకుండా రోడ్డెక్కేవాళ్ళు. రేపు వాళ్ళలో ఒకళ్ళు ఎవరి మీదకన్నా పోనిస్తే? అప్పుడు ఆయన బతకగలడా? ఆయన మంచి కోరే చెబుతున్నాను."

తమ్ముడంటే చిన్నవాడని అక్కయ్యకి ఎప్పుడూ ఒక లోకువ. వాడి మాటలో ఇంత బరువుంటుందని ఆవిడ అనుకోలేదు.

రెండు రోజులు మాటలు కూర్చుకుంది. ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఆయన మౌనంగా ఉంటే ఏం చెయ్యాలి. "మీరు చాలా చేశారు మాస్టారూ" అని మొదలుపెడదామనుకుంది. అద్దం ముందు అని చూసుకుంటే పదవీ విరమణ సభలో దండ వేస్తున్నట్టుంది. ఛీ అనుకుంది. చివరికి ఏ మాటా దొరక్కుండానే, క్లాసులన్నీ అయిపోయి తమ్ముడు వెళ్ళిపోయాక, షెడ్డులోకి వెళ్ళింది.

మాస్టారు కారు అద్దాలు తుడుస్తున్నారు. కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నారని అప్పుడు గమనించింది.

"కాలికేమైంది?"

"ఏమో వదినగారూ, మోకాలు పట్టేసింది. వయసు."

"వయసు కాదు. రోజంతా కాలు గాల్లో పెట్టుకుని కూర్చుంటే ఎవరి మోకాలైనా పట్టేస్తుంది."

ఆయన అర్థం కానట్టు చూశారు. ఆవిడ ఆ చూపు చూసి, నటిస్తున్నారేమోనని ఒక్క క్షణం కోపం తెచ్చుకుంది. తర్వాత తెలిసింది. ఆయనకి నిజంగానే తెలియదు.

"మాస్టారూ, నర్సమ్మ క్లాసులో ఒక్కసారన్నా బ్రేకు వేసిందా?"

"వెయ్యకపోవడమేమిటి? మీరే చూశారుగా. ఎంత బాగా..."

"వేసింది మీరు. సైకిలుకీ మీరే, సిగ్నలుకీ మీరే. ఆఖరికి ఒళ్ళు విరుచుకున్న కుక్కక్కూడా."

మాస్టారి చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆయన కారు తలుపు తీసి, తన సీటు ముందు కింద ఉన్న పెడలు వైపు వంగి చూశారు. రబ్బరు మీద గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. నేర్చుకునేవాళ్ళ వైపు పెడలు మాత్రం కొత్తగా ఉంది. చాలాసేపు అలాగే వంగి ఉండిపోయారు. లేచేటప్పటికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మా ఆవిడ చెబుతూనే ఉంది," అన్నారు. "టీవీలో కారు వస్తే మీరు టీపాయిని తంతున్నారేమిటి అని. నిద్రలో కూడా కాలితో మంచం కొయ్యని నొక్కుతున్నానట. వేళాకోళమనుకున్నాను."

"ఎప్పట్నించి?"

ఆయన సీట్లో పక్కకి కూర్చుని, కాళ్ళు బయట పెట్టుకుని, చెప్పడం మొదలుపెట్టారు. వేసవిలో సెల్‌ఫోన్ల కొట్టు కుర్రాడికి క్లాసు చెబుతున్నారు. ఇళ్ళ మధ్య రోడ్డు. ఆగి ఉన్న రెండు వ్యాన్ల మధ్యలోంచి ఒక చిన్నపిల్ల బయటికొచ్చింది. అట్టపెట్టెకి తాడు కట్టి బండిలా లాక్కుంటూ, వెనక్కి నడుస్తూ వచ్చింది. కుర్రాడు చూశాడు. మాస్టారు చూశారు. వాడే ఆపుతాడులే అనుకున్నారు. ఎప్పుడూ అలాగే అనుకుంటారు, అలా అనుకోవడమే ఆయన నేర్పే పద్ధతి. వాడు ఆపలేదు. ఈయన నొక్కేసరికి ఆలస్యమైంది.

"పిల్లకేం కాలేదు వదినగారూ. గోరంత దెబ్బ కూడా తగల్లేదు. పెట్టె టైరు కింద పడి నలిగింది. అది పెట్టె కోసం ఏడ్చింది. వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి దాన్ని రెండు వేసి, నాకు దణ్ణం పెట్టి, తప్పయిపోయిందండీ అంది. నాకు! నాకు దణ్ణం పెట్టింది. ఆ అట్టపెట్టె నలిగిన చప్పుడు ఉంది చూశారూ..."

ఆయన ఇక చెప్పలేకపోయారు. మామూలుగా మాట్లాడే మనిషి గొంతు ఉన్నట్టుండి అలా తెగిపోతే వినడం చాలా కష్టం. అక్కయ్య షెడ్డు గోడకి ఆనుకుని నిలబడింది.

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏం జరిగిందని చెప్పను? ఏమీ జరగలేదుగా."

కాసేపటికి ఆయనే లేచి జేబులోంచి కారు తాళం తీశారు. బానెట్ మీద పెట్టారు.

"మీరు చెప్పడానికి వచ్చిన మాట నాకు తెలిసింది. మీకా కష్టం వద్దు. నేనే మానేస్తున్నాను. రేపట్నించి ఇంకొకరిని చూసుకోండి."

చూడండి, మనుషులు ఎలాంటివారో. రెండు రోజులుగా అక్కయ్య ఏ మాట చెప్పలేక నలిగిపోయిందో ఆ మాట ఆయనే చెప్పేశారు. తమ్ముడికి జవాబు దొరికింది. ఎవరి మనసూ నొప్పించక్కర్లేదు. తాళం తీసుకుని ఇంటికెళ్ళి హాయిగా పడుకోవచ్చు. కానీ అక్కయ్యకి పట్టరాని కోపం వచ్చింది.

"మానేసి ఏం చేస్తారు? ఇంట్లో కూర్చుని టీపాయిని తంతారా?"

మాస్టారు బిత్తరపోయారు.

"మీరు మానేస్తే స్కూలు బాగుపడుతుంది. నాకు తెలుసు. మీ కాలు మాత్రం అలాగే ఉంటుంది. ఇంకో పదేళ్ళు మంచం కొయ్యని నొక్కుతూనే ఉంటారు. ఆ పిల్ల పెద్దదై పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతుంది, మీరు మాత్రం ఆ రోడ్డు మీదే ఉంటారు. నేను పంపించను అనడం లేదు. ఇప్పుడు పంపించను అంటున్నాను."

ఆవిడ ఆయన్ని అలా గదమాయించడం అదే మొదటిసారి. గదమాయించాక తనే భయపడింది. ఏం చెయ్యాలో తెలియకుండానే అంతదాకా వచ్చేసింది మరి. తాళం చేతిలోకి తీసుకుంది. చేతిలోకి తీసుకున్నాక ఏం చెయ్యాలో తెలిసింది.

"నాకు నేర్పండి," అంది.

"ఏమిటి?"

"డ్రైవింగ్. నర్సమ్మనీ మిగతావాళ్ళనీ తమ్ముడు చూసుకుంటాడు. మీకిప్పుడు నేనొక్కదాన్నే శిష్యురాల్ని. రోడ్డు మీద నా అంతట నేను కారు ఆపాలి. మీరు నొక్కకుండా. ఆ రోజున మీ క్లాసులు మీకిస్తాను. మీ కాలు మీ మాట వినకపోతే, ఈ నెల చివర్న మీ మాట నేను వింటాను. తాళం తీసుకుంటాను. మొహమాటపడను."

"మీకా? మీకు నేర్పడం ఆయన వల్లే కాలేదు వదినగారూ."

"ఆయన మొగుడు. మీరు మాస్టారు. తేడా లేదూ?"

తమ్ముడికి సంగతి చెప్పినప్పుడు తల పట్టుకున్నాడు. "ఆపకుండా ఉండలేని మాస్టారు, నడపలేని నువ్వు. ఊళ్ళో జనం ఏం పాపం చేశారక్కా?" అన్నాడు. అన్నాడే గాని, నర్సమ్మనీ, మాటిమాటికీ తనే పాఠం చెప్పే రిటైర్డ్ టీచర్నీ, మిగతా ఫెయిలైన బృందాన్నంతా తన కార్లోకి మార్చుకున్నాడు. తెల్లారకముందే వచ్చి, మధ్యాహ్నం తిండి మానేసి మరీ అందరికీ క్లాసులు చెప్పాడు. ఆ నెలంతా వాడు చిక్కి సగమయ్యాడు. ఒక్క మాట మాత్రం అనలేదు.

ఊరి చివర ఖాళీ మైదానంలో మొదలైంది చదువు. అక్కయ్య లాంటి శిష్యురాలు పగవాడికి కూడా వద్దు. క్లచ్చు అంటే ఉలిక్కిపడి వదిలేస్తుంది. కారు కప్పలా గెంతి ఆగిపోతుంది. అద్దంలో చూడమంటే బొట్టు సరిచేసుకుంటుంది. స్టీరింగు ఎటు తిప్పితే ఒళ్ళంతా అటే ఒరుగుతుంది. మాస్టారు మాత్రం ఆ మెత్తని గొంతుతోనే, పర్వాలేదు, మళ్ళీ చూద్దాం అనేవారు.

అసలు గొడవ ఆవిడతో కాదు, ఆయన కాలితో. మైదానంలో మనిషన్నవాడు లేడు. అయినా దూరంగా ఒక కాకి వాలితే చాలు, పెడలు దిగిపోయేది.

"మాస్టారూ!"

"అయ్యో. నేనేనా?"

"మీరే."

మొదట్లో ప్రతిసారీ ఆయన మొహం వాడిపోయేది. కాలిని కిందకి దించి చేత్తో అదిమిపట్టుకునేవారు. రెండు నిమిషాల్లో అది మళ్ళీ లేచేది. ఒకరోజు విసుగెత్తి, బూట్లు విప్పేసి, రెండు కాళ్ళూ సీటు మీదకి తీసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కాతో, సీటు బెల్టుతో, పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు కూర్చున్న ఆయన్ని చూసి అక్కయ్యకి నవ్వాగలేదు. నవ్వుతూ క్లచ్చు వదిలేసింది. కారు గెంతింది. ఆయనా నవ్వారు. వేసవి తర్వాత ఆయన నవ్వడం చూసింది అప్పుడే.

ఆయన కాళ్ళు మడుచుకుని కూర్చుంటే మైదానంలో ఆవిడ బాగానే ఆపుతోంది. కానీ రోడ్డెక్కితే అలా కుదరదు. ప్రాణాల మీదకొస్తే ఆ కాలు అక్కడ ఉండి తీరాలి. కాలు పెడలు దగ్గరే ఉండాలి, పెడలు మీదకి పోకూడదు. అది మడుచుకు కూర్చున్నంత తేలిక కాదని ఇద్దరికీ తెలుసు. అందుకే ఒకరోజు ఒకరు, ఇంకోరోజు ఇంకొకరు ఏదో వంక చెప్పి రోడ్డుని వాయిదా వేశారు. ఒకరోజు ఎండన్నారు, ఒకరోజు పెట్రోలన్నారు.

నెల గడిచిపోతోంది. తమ్ముడు గోడమీద క్యాలెండరు వైపు చూడకుండా ఉండడానికి పడే పాట్లు చూస్తే, వాడు దాన్ని చూసేస్తేనే నయమనిపించేది. మాస్టారు తన సామాను, అంటే ఒక గొడుగూ, ఒక కుర్చీ మెత్తా, షెడ్డులోంచి మెల్లగా ఇంటికి చేరవేసుకున్నారని అక్కయ్య కనిపెట్టింది. కనిపెట్టి ఆ రోజే చెప్పింది.

"పదండి. ఇవాళ రోడ్డు."

"వదినగారూ..."

"ఇవాళ."

ఆయన బూట్లు విప్పేశారు. కాళ్ళు మాత్రం కిందే పెట్టారు. బట్టల కొట్లూ, మందుల కొట్లూ ఉన్న నడిమి వీధిలోకి కారు తిరిగేసరికి అక్కయ్య అరచేతులు చెమటతో జారిపోతున్నాయి. ఆటోలూ, సైకిళ్ళూ, మధ్యలో నిలబడి బేరాలాడే జనం. ఇంతకాలం ఇదే వీధిలో నడిచి తిరిగింది, ఇంతమంది ఉన్నారని ఎప్పుడూ అనిపించలేదు.

సిగ్నలు దగ్గర ఆగేటప్పుడు పెడలు ఆవిడ కాలి కిందనుంచి దానంతటదే దిగింది. ఆయన ఊపిరి పెద్దగా వినిపించింది. సిగ్నలు మారింది. ఇక ఇంటికి పోదామంటారేమోనని ఆవిడ భయపడింది. పోదామని తనే అంటానేమోనని ఇంకా భయపడింది.

పరుపుల కొట్టు దాటుతుండగా ఒక పరుపు నడుచుకుంటూ రోడ్డు దిగింది. కింద మనిషి కాళ్ళు తప్ప ఇంకేం కనిపించడం లేదు. నెత్తిన పెట్టుకున్న పరుపు కళ్ళమీదకి వాలిపోయి, అటూ ఇటూ చూడకుండా తన మానాన తను నడిచి వస్తున్నాడెవరో.

అక్కయ్య చూసింది. చూస్తూ ఉండిపోయింది. కాలు బ్రేకు మీదే ఉంది గానీ అది తన కాలని ఆవిడకి తోచలేదు. పెడలు ఇప్పుడు దిగుతుంది, ఇప్పుడు దిగుతుంది అని ఒళ్ళంతా ఎదురుచూసింది. దిగలేదు.

"వదినగారూ," అన్నారు మాస్టారు. అదే మెత్తని గొంతు. "కనిపించాడుగా?"

అప్పుడు నొక్కింది. ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. కారు ఒక్క కుదుపుతో ఆగిపోయి, ఇంజను కూడా ఆరిపోయింది. పరుపు వాళ్ళ ముందునుంచి, ఇంకా కారు పట్టేంత ఎడం ఉండగానే, తాపీగా అవతలి గట్టుకి వెళ్ళిపోయింది. అందులోని మనిషికి ఏమీ తెలియదు.

అక్కయ్య మెల్లగా తల తిప్పి చూసింది. మాస్టారి కుడి పాదం పెడలు పక్కనే, కింద పరిచిన రబ్బరు చాప మీద ఉంది. వేళ్ళు ముడుచుకుని చాపని పట్టుకున్నాయి. ఆయన కూడా తన పాదాన్నే చూసుకుంటున్నారు.

"నేను ముట్టుకోలేదు," అన్నారు.

"నేనే నొక్కాను," అంది అక్కయ్య.

"మీరే నొక్కారు." ఆయన కళ్ళనుంచి నీళ్ళు జారి చొక్కా మీద పడుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. "నొక్కుతారా లేదా అనుకున్నాను వదినగారూ. నొక్కుతారని అనుకున్నాను. అనుకోగలిగాను."

ఇన్నేళ్ళూ ఈ మనిషికి తను ఏమీ ఇచ్చుకోలేకపోయానన్న బాధ ఒకటి అక్కయ్య లోపల ఎక్కడో ఉండేది. అదేమైందో తెలియలేదు, ఒళ్ళంతా తేలికైపోయింది. వెనక ఒక హారన్ మోగింది. దాని వెనక ఇంకొకటి. ఆటోవాడెవడో తల బయటపెట్టి ఏదో అరుస్తున్నాడు.

"రేపు పొద్దున నర్సమ్మకి క్లాసుంది," అంది. "తమ్ముడికి చెప్తాను. మీరు వెళ్తారా?"

"వెళ్తాను. కానీ ముందు మీరు బ్రేకు మీంచి కాలు తియ్యండి."

అక్కయ్య కిందకి చూసుకుంది. కాలు పెడలుని నేలకి అదిమేసి, మోకాలిదాకా వణుకుతూ అలాగే బిగుసుకుపోయి ఉంది. తీద్దామని చూసింది. రాలేదు.

"రావట్లేదు మాస్టారూ," అంది.

"తెలుసు," అన్నారు మాస్టారు. వెనక హారన్లన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. ఆయన కిటికీ అద్దం పైకెత్తేసి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తొందరేమీ లేనట్టు కూర్చున్నారు. "వస్తుంది. నేను ఉన్నాగా."